ప్రేవుల వ్యాధి – మూత్రపిండముల రక్షణ



నేను వైద్యుడను గాను. సాహిత్యము చదివి, దస్త్రముల నడుమ కాలము గడుపుచున్నవాడను. అయినను పండ్రెండేండ్లుగా నా ప్రేవులు నాకు నేర్పిన పాఠమును నేడు మీకు విన్నవింపదలచితిని.

ప్రేవుల దీర్ఘకాలిక శోథ ముఖ్యముగా రెండు విధములు. ఒకటి పెద్దప్రేవు లోపొరను పుండుపరచు అల్సరేటివ్ కొలైటిస్. రెండవది 1932లో న్యూయార్కు వైద్యుడు క్రోన్ తన సహచరులతో గూడి వర్ణించిన క్రోన్స్ వ్యాధి. నాకు ప్రాప్తించినది ఈ రెండవది.

కార్యాలయమున మాటిమాటికి లేచిపోవుట సిగ్గనిపించి, పగటిపూట నీరు త్రాగుటయే మానితిని. ఒకనాటి రాత్రి నడుము ప్రక్కన భరింపరాని నొప్పి పుట్టినది. పరీక్షింపగా మూత్రపిండములో రాయి! కడుపుజబ్బు కడుపులోనే యుండునని నమ్మిన నేను దిగ్భ్రాంతుడనైతిని.

వైద్యులు కారణము నిట్లు వివరించిరి. పాలకూర, తోటకూర మొదలగువానిలో ఆక్సలేట్ అను పదార్థము కలదు. ఆహారములోని కాల్షియము దానిని ప్రేవులోనే బంధించి మలముతో వెలుపలికి పంపును. చిన్నప్రేవు చివరిభాగము చెడినచో, ఒంటబట్టని క్రొవ్వు ఆ కాల్షియమును తానే పట్టుకొనును. విడివడిన ఆక్సలేట్ పెద్దప్రేవునుండి రక్తములో చేరి, మూత్రపిండమున రాయిగా గట్టిపడును. విరేచనములచే ఒంటిలోని నీరు తరుగుట దీనికి తోడగును. నేను నీరు మానుట అగ్నికి ఆజ్యమైనది.

రాళ్లతోనే ముగియదు. దీర్ఘకాలపు శోథవలన అమిలాయిడ్ అను మాంసకృత్తు మూత్రపిండములలో పేరుకొనుట అరుదుగా కలదు. ఈ వ్యాధులకు, ముఖ్యముగా కొలైటిస్‌కు, వాడు మెసలమీన్ అను మందు కూడ అరుదుగా వానికి వాపు కలిగించును. ఈ హాని పలుమారు నొప్పి లేకయే పెరుగును. కావున క్రియాటినిన్ పరీక్షయు మూత్రపరీక్షయు క్రమముగా జరుగవలెను. భయపడి మందును స్వయముగా మానరాదు. ఐబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలను అంగడిలో కొని మ్రింగనురాదు. రాయి యనగానే పాలు, పెరుగు విడుచుట పొరపాటు. భోజనముతో చేరు కాల్షియము మేలే చేయును. ఎంత నీరు, ఎంత కాల్షియము అనునది వైద్యుని యడిగి తెలిసికొనవలెను.

కడపట నొక్క మనవి. మీ ప్రక్కబల్లవారు పలుమారు లేచిపోవుచున్నచో నవ్వకుడు. ఆ నవ్వునకు వెరచియే నేను దాహమును దాచుకొంటిని. మీ యింట నెవరికైన నిట్టి జబ్బున్నచో దాచక వైద్యునితో చెప్పుడు. మూత్రపిండముల సంగతియు అడుగుడు.