బడిదినము ఎవరి సొత్తు?

(మైదుకూరు పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



మన నేటి విషయము రాజ్యములను మార్చునది గాదు. బడి నడచు దినములలో కుటుంబయాత్రల కొఱకు బిడ్డలను బడి మాన్పించుట తగునా యనునదియే. ఇంతమాత్రమునకు సభయా యని నవ్వువారుండవచ్చును. కాని జాతి నడవడి మహాసభల తీర్మానముల వలన గాక, ఇండ్లలో జరుగు నిట్టి చిన్న నిర్ణయముల వలననే యేర్పడునని మేము నమ్ముదుము.

మన మైదుకూరు త్రోవలు గలియు కూడలి. కడపకు గాని, ప్రొద్దుటూరునకు గాని, బద్వేలునకు గాని, ఆళ్లగడ్డ మీదుగ నంద్యాలకు గాని బస్సున కెక్కువసేపు కాచుకొననక్కఱలేదు. ప్రయాణము సులభమైన కొలది ప్రయాణమునకు కారణములును సులభముగనే దొరకుచున్నవి. సెలవులలో తిరుమలయందు జనసమ్మర్దము హెచ్చని బడి దినములలో పోవువారు కొందఱు. మాఘ ఫాల్గుణములలో పెండ్లి ముహూర్తము కుదిరినదని వారము ముందుగనే బిడ్డలతో తరలువారు కొందఱు. వేసవిలో బసల అద్దెలు హెచ్చునని పరీక్షలకు ముందే చల్లని ప్రదేశములు చూడబోవువారు మఱికొందఱు. అడిగినచో అందఱిదియు నొకటే సమాధానము: “వారము దినములలో చదువేమి కొల్లవోవును?”

కొల్లవోవునది యేమో చూతము. 2009 విద్యాహక్కు చట్టము ఒకటి మొదలు ఐదవ తరగతి వఱకు ఏటికి 200 పనిదినములును 800 బోధనా గంటలును, ఆఱు మొదలు ఎనిమిది వఱకు 220 దినములును 1000 గంటలును నిర్ణయించినది. 220 దినములలో ఆఱు దినములు పోయిన నేమి యని లెక్క చెప్పవచ్చును. కాని చదువు బియ్యపు బస్తా వంటిది గాదు. పిడికెడు తీసిన పిడికెడే తగ్గుననుకొనరాదు. అది గోడకట్టు వంటిది. నడుమ నొక వరుస లేకున్న పైవరుస నిలువదు. భిన్నములను కూడుటకు హారములను సమము చేయు పద్ధతిని ఉపాధ్యాయుడు ఒక సోమవారమున చెప్పును. ఆ వారము ఊరలేని బాలునకు తరువాత వచ్చు శాతములు, వడ్డీ లెక్కలు అన్నియు కొఱకరాని కొయ్యలే. వానికొఱకు ఉపాధ్యాయుడు మరల చెప్పినచో తక్కిన బిడ్డలు వేచియుండవలయును. చెప్పనిచో వాడు వెనుకబడును. కావున ఒక యింటివారి యాత్రకు వెల తరగతియంతయు చెల్లించుచున్నది.

మన పెద్దలకు సెలవులు తెలియవా? తెలియును. పాడ్యమి, అష్టమి మొదలగు తిథులను వారు అనధ్యయన దినములుగ నేర్పఱచిరి. కాని ఆ సెలవు బడికి గాని ఒక్క బాలునకు గాదు. పాఠము నిలిచిన నందఱికిని నిలుచును. సాగిన నందఱికిని సాగును. ఆ నీతి నేటికిని చెడలేదు.

దైవకార్యములకు బడి అడ్డమగుచున్నదను వాదము మన ప్రాంతమున నిలువదు. ప్రొద్దుటూరి దసరా వైభవము దసరా సెలవులలోనే జరుగును. బ్రహ్మంగారి మఠమున స్వామివారి ఆరాధన వైశాఖమాసమున, అనగా వేసవి సెలవులలోనే వచ్చును. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము చైత్రమున నొక రాత్రి. దానికి వారము బడి మానవలసిన పనిలేదు. మన భక్తికి పంచాంగము చాలినంత చోటిచ్చినది. చోటు చాలనిది మన సౌకర్యమునకే.

ఇతర దేశములలో నీ వివాదము న్యాయస్థానముల కెక్కినది. ఇంగ్లాండున 2013 వఱకు ప్రధానోపాధ్యాయుడు ప్రత్యేక పరిస్థితులలో ఏటికి పది దినముల వఱకు విహారమునకు సెలవీయగలిగెడివాడు. అటుపిమ్మట అసాధారణ కారణము లేనిదే ఈయరాదని నియమము వచ్చినది. 2015 ఏప్రిల్‌లో వైటు ద్వీపమునందలి యొక తండ్రి, బడివారు వలదన్నను, కూతును అమెరికాలోని ఫ్లోరిడాకు విహారమునకు గొనిపోయెను. 120 పౌనుల జరిమానా చెల్లింపననెను. హాజరు నూటికి తొంబదికి తగ్గలేదు గావున బిడ్డ క్రమముగ బడికి పోవుచున్నట్లేయని వాదించి క్రింది న్యాయస్థానములలో గెలిచెను. కాని 2017 ఏప్రిల్ 6న అచటి సర్వోన్నత న్యాయస్థానము ఏకగ్రీవముగ ఆ తీర్పును త్రోసివైచి, క్రమముగ పోవుటయనగా బడి నియమముల ననుసరించి పోవుటయే యని తేల్చినది. నియమము పాటించు తక్కిన తలిదండ్రులకును, తక్కిన బిడ్డల చదువునకును దీనివలన నన్యాయము గలుగునని కూడ ఆ ధర్మాసనము చెప్పినది.

మనకును అట్టి జరిమానాలు కావలయునా? న్యాయవాదవృత్తిలో నున్న మేము, వలదనియే చెప్పుదుము. మన రాజ్యాంగమున 21-ఎ అధికరణము ఆఱు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకు విద్యను హక్కుగ నిచ్చినది. 51-ఎ అధికరణము తలిదండ్రులకు దానిని విధిగ చేసినది. విద్యాహక్కు చట్టమున తలిదండ్రులకు శిక్ష లేదు. ధనికునకు జరిమానా యాత్రావ్యయములో నొక పద్దు. బీదవానికి అది వారము కూలి. మన రాష్ట్రమున 2020లో ఆరంభమైన అమ్మఒడి పథకమున తల్లులకు ఏటికి 15,000 రూపాయలు నిర్ణయించి, బిడ్డకు నూటికి 75 వంతుల హాజరుండవలెనని షరతు పెట్టిరి. మంచిదే. కాని 220 దినములలో 75 వంతులనగా 165 దినములు. మిగిలిన 55 దినములు మనకు దానమీయబడిన సెలవులని తలంచువారున్నారు! షరతు క్రిందిమెట్టు, అదియే గమ్యస్థానము గాదు.

ఇక అసలు సంగతికి వత్తము. కర్నూలు జిల్లాలో కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతముల నుండి పనులు లేని కాలమున కుటుంబములు గుంటూరు వైపు మిరపకోతలకు తరలిపోవుట అందఱెఱిగినదే. ఇంట చూచు ముసలివారు లేకున్న బిడ్డలనుగూడ వెంటగొనిపోదురు. అట్టి బిడ్డల కొఱకు ప్రభుత్వము ఆ ఋతువున వసతిగృహములు నడపవలసి వచ్చినది. విహారమునకు పోయిన బిడ్డకును, మిరపచేనికి పోయిన బిడ్డకును హాజరుపట్టీలో గుర్తు ఒక్కటే. కాని మొదటి బిడ్డ తిరిగి వచ్చిన ట్యూషను పెట్టుదురు. రెండవ బిడ్డ ఒకమాఱు తప్పిన మరల రాకపోవుటయు గలదు. ఈ రెండవ తండ్రికి మనము బడి ప్రాముఖ్యమును బోధింపబోయిన అతడేమనును? “మీ పిల్లోడు ఊటీకి పోలేదా అయ్యా?” అనును. దానికి మనయొద్ద సమాధానము లేదు. మన సరదా వాని యవసరమునకు సాక్ష్యమగుచున్నది. బడి మానుటను గౌరవప్రదము చేయుచున్నది బీదవాడు గాదు, మనము.

ఈ బడిదినము ఊరక వచ్చినది గాదు. గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్యకు 1911లో చట్టపు చిత్తును ప్రవేశపెట్టగా 1912లో నది ఓడిపోయినది. బిడ్డలు బడికి పోయిన పొలము పనుల కెవరు వత్తురని భూస్వాములు కొందఱు శంకించిరి. విద్యాహక్కు చట్టము అమలులోనికి వచ్చినది 2010 ఏప్రిల్ 1న. నడుమ తొంబదితొమ్మిది వత్సరములు! ఇంతకాలమునకు దక్కిన దినమును బస అద్దె కొంత తగ్గునని అమ్ముకొందుమా?

కఠినముగ మాటాడుచున్నారని యనకుడు. మన జిల్లా నుండి కువైటునకు పోయి కష్టించువా రనేకులు. ఏండ్ల యెడబాటు పిమ్మట తండ్రి యిల్లు చేరినప్పుడు అతని సెలవు మన బడి సెలవుతో కలియదు. ఆ బిడ్డను రెండుదినములు తండ్రిచెంత నుంచుట నేరమని మేమనము. కాని అతడు బిడ్డను చేయిపట్టి బడికి గొనిపోయి, ఉపాధ్యాయుని పలుకరించి, సాయంకాలము మరల తోడితెచ్చిన నెంత బాగుండును! ఆ బిడ్డకు అంతకుమించిన విహార మెక్కడ? అట్లే మరణము, రోగము, తోబుట్టువు పెండ్లి. వీని నెవ్వరు కాదందురు? ముహూర్తమునకు పోయి మఱునాడు మరలవచ్చుటయే మేము కోరునది.

దేశాటనము విద్య గాదా యందురు. అగును. జమ్మలమడుగు చెంతనున్న గండికోటను చూచిన బిడ్డకు చరిత్రపాఠము కన్నులకు గట్టును. 1820లో కడపకు వచ్చి ఉచిత పాఠశాలలు పెట్టించిన బ్రౌనుదొర పేర కడపలో నిలిచిన గ్రంథాలయమును చూచుట తెలుగుబిడ్డకు పుణ్యము. వీనికి ఆదివారము చాలును. ఒక్క బిడ్డ పోవుటకంటె ఉపాధ్యాయునితో తరగతియంతయు పోవుట మేలు. అప్పుడు కూలివాని బిడ్డయు గండికోటను చూచును.

కావున మూడు విన్నపములు. జూనులో బడి తెఱచునాడే ఏటి సెలవుల పట్టికను వ్రాసికొని యింట గోడకు తగిలింపుడు. యాత్రలు దానినిబట్టి కుదుర్చుకొనుడు. ఊరి తిరునాళ్లకు బడి మూయవలసియున్న, చట్టమున నేర్పడిన పాఠశాల యాజమాన్య సంఘములో చేరి ముందే మాటాడుడు. అందు మూడువంతుల మంది తలిదండ్రులే యుండవలెనని చట్టము చెప్పుచున్నది. ఎవరి బిడ్డయైనను తప్పనిసరియై మానినచో, తప్పిన పాఠమును చెప్పుటకు మన పఠనమందిరమున సాయంకాలము ఒక గంట కేటాయింపుడు. చదువుకొన్న యువకులు దీనికి ముందునకు రావలయును, మేమును వత్తుము.

బడిదినము తండ్రి సొత్తు గాదు, ప్రభుత్వపు సొత్తు గాదు. అది బిడ్డ సొత్తు. మైనరు ఆస్తికి సంరక్షకుడు లెక్క చెప్పవలెనను ధర్మము న్యాయస్థానములకు వచ్చిన మీలో ననేకుల కెఱుకయే. ఆ ధర్మము ఎకరాలకు మాత్రమే గాక దినములకును వర్తించునని తలంపవలసినదిగ ప్రార్థించుచున్నాము.