పేరు వాళ్ళది, పెట్టుబడి మనది



వానాకాలం సాయంత్రం వీధి చివర మొక్కజొన్న పొత్తులు కాలుస్తూంటే ఆ వాసనకి కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి కదా! చీకుల బండి కనబడితే పిల్లలు చెయ్యి పట్టుకు లాగుతారు. నిప్పుల మీద కాలిన తిండిలో ఆ ఆకర్షణ వుంది. ఆ పొయ్యికే చల్లని గదీ, మెత్తని కుర్చీలూ, పైన ఒక పేరున్న బోర్డూ జోడిస్తే అది బార్బెక్యూ రెస్టారెంటు అవుతుంది. ఈవేళ నేను చెప్పబోయేది అక్కడ తినడం గురించి కాదు, అలాంటిది ఒకటి తెరవడం గురించి. "ఆ గొడవ మాకెందుకండీ, మేం యింట్లో వుండేవాళ్ళం" అనకండి. ఆ బోర్డు కింద పోసే డబ్బులో మన గాజులుంటాయి, మన స్థలం వుంటుంది, మన సంతకం వుంటుంది. నాది వుంది కనుకనే చెబుతున్నాను.

ముందు ఫ్రాంచైజీ అంటే ఏమిటో చూద్దాం. ఒక కంపెనీ తన పేరు, వంట పద్ధతి, బోర్డు రంగు, పనివాళ్ళ దుస్తుల వరకూ అన్నీ మనకిస్తుంది. దానికి మనం మొదట కొంత రుసుము కట్టాలి. తర్వాత ప్రతినెలా అమ్మకంలో కొంత భాగం రాయల్టీ కింద చెల్లించాలి. కొట్టు అద్దె, సామాను, జీతాలు, నష్టం వస్తే ఆ నష్టం – యివన్నీ మనవే. ఇందులో మోసమేమీ లేదు. తెలిసిన పేరు వుంటే మొదటిరోజు నుంచే జనం వస్తారు. వంట రానివాళ్ళకు శిక్షణ యిస్తారు. ఈ పద్ధతిలో బాగుపడ్డవాళ్ళూ వున్నారు. అయితే లెక్క ముందు తెలియాలి.

మా మరిది పదిహేనేళ్ళు ఉద్యోగం చేసి మానేశాడు. విజయవాడలో బార్బెక్యూ కొట్టు పెడతానన్నాడు. కంపెనీవారు చక్కని పుస్తకం ఒకటి యిచ్చారు. అందులో రెండేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుందని రంగుల్లో అచ్చువేసి వుంది. రుసుము 7 లక్షలు, అలంకరణకూ పొయ్యిలకూ 22 లక్షలు, కొట్టు అడ్వాన్సు 6 లక్షలు, మొదటి సరుకూ తక్కినవీ 3 లక్షలు. వెరసి 38 లక్షలు. చేతిలో వున్నది పోగా 15 లక్షలు తక్కువపడ్డాయి.

"వదినా, మీ కంకిపాడు స్థలం కాగితాలు పెడితే బ్యాంకువాళ్ళు యిస్తారట. రెండేళ్ళలో విడిపించేస్తాను" అన్నాడు. అది మా నాన్నగారు పసుపు కుంకుమల కింద యిచ్చిన 200 గజాలు. మా వారు నా మొహం చూశారు. మా తోడికోడలు "అక్కా, మీ యిష్టం" అని తల వంచుకుంది. నలుగురిలో కాదంటే ఏం బాగుంటుందని సంతకం పెట్టేశాను. ఎన్ని కాగితాలో కూడా లెక్క పెట్టలేదు. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని, ఇంగ్లీషు కాగితాలు నాకేం అర్థమవుతాయిలే అనుకున్నాను. నిజానికి ఎవరినైనా అడిగితే చెప్పేవారు. నేను అడగలేదు.

2022 దసరాకి కొట్టు తెరిచారు. మొదటివారం కుర్చీ దొరకలేదు. మూడు వారాలు తిరిగేసరికి కార్తీకమాసం వచ్చింది! మన వూళ్ళలో కార్తీకంలో ఎంతమంది మాంసం ముట్టరో, అయ్యప్ప మాలలు, భవానీ మాలలు ఎంతమంది వేసుకుంటారో మీకు నేను చెప్పాలా? ఆ మరుసటి ఏడు అధిక శ్రావణం వచ్చి శ్రావణమాసమే రెండు నెలలైంది. కంపెనీవారి రంగుల పుస్తకంలో ఈ నెలలు లేవు. అద్దెకు కార్తీకం లేదు, జీతాలకు శ్రావణం లేదు.

ఇక వంటింటి సంగతి. కోడిమాంసానికి ముందురోజు రాత్రే పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి చల్లని పెట్టెలో 5 డిగ్రీలు దాటకుండా వుంచాలి. కాల్చేటప్పుడు ముక్క లోపలి వేడి 75 డిగ్రీలకు రావాలి. పైన నల్లబడి లోపల పచ్చిగా వుంటే తిన్నవాళ్ళు ఆసుపత్రి పాలవుతారు. పచ్చి మాంసం ముట్టిన పట్టకారు కాలినదానికి తగలకూడదు. బొగ్గులు మండుతున్నప్పుడు కాదు, పైన బూడిద పట్టి లోపల ఎర్రగా వున్నప్పుడు చువ్వలు పెట్టాలి. అంటే జనం రావడానికి అరగంట ముందే రాజెయ్యాలి. ఎవరూ రాకపోయినా ఆ బొగ్గు ఖర్చు ఖర్చే. పొగగొట్టంలో నూనె జిడ్డు పేరుకుంటే నిప్పంటుకుంటుంది, కనుక ఎప్పటికప్పుడు శుభ్రం చేయించాలి. అన్నిటికీ మించి, ఎముకలేని మాంసం కిలో కాలిస్తే 700, 750 గ్రాములకు మించి మిగలదు. ఈ సంగతి వంట చేసే మనకు తెలుసు. లెక్కలు వేసిన మా మరిదికి తెలియదు, మమ్మల్నెవరూ అడగలేదు.

ఎండాకాలంలో కోడిమాంసం ధర పెరిగింది. చీకుల బండి అతను వెంటనే పది రూపాయలు పెంచాడు. మావాడు పెంచడానికి లేదు, ధర కంపెనీ నిర్ణయిస్తుంది. మసాలా పొట్లాలు కూడా కంపెనీ దగ్గరే కొనాలి. ఆ ధర మాత్రం రెండుసార్లు పెరిగింది.

2023 చివరలో ఒకరాత్రి మా తోడికోడలు ఖాతా పుస్తకం పట్టుకుని మా యింటికి వచ్చింది. ఇద్దరం వంటింట్లో కూర్చుని కూడాం. ఆ నెల అమ్మకం 6 లక్షలు. చాలా బాగుందే అనిపిస్తుంది, కాదూ? సరుకులకు 2,10,000. అద్దె 90,000. జీతాలు 1,40,000. కరెంటు, గ్యాసు, బొగ్గు 50,000. అమ్మకంలో సగం ఫోను మీద ఆర్డరు చేసి యిళ్ళకు తెప్పించుకునేవారిది. ఆ చేరవేసే సంస్థల కమీషను 66,000. కంపెనీకి రాయల్టీ నూటికి 6, ప్రకటనలకు నూటికి 2, వెరసి 48,000. దానిపైన 18 శాతం జి.ఎస్.టి. 8,640. హోటలు తిండి మీద 5 శాతం పన్ను వసూలు చేసేవారికి, తాము కట్టిన పన్ను తగ్గించుకునే వీలు లేదు. కనుక అదీ మన నెత్తినే. మొత్తం ఖర్చు 6,12,640. అంటే 12,640 రూపాయల నష్టం! బ్యాంకు వాయిదా 33 వేలు యింకా అందులో వెయ్యనేలేదు.

"అక్కా, నష్టం వచ్చిన నెల కూడా రాయల్టీ కట్టాలా?" అని అడిగింది. కట్టాలి. రాయల్టీ అమ్మకం మీద లెక్క, లాభం మీద కాదు. ఆ మాట ఒప్పందంలో మూడో పేజీలోనే వుంది. అప్పుడు చదివాం యిద్దరం, నిఘంటువు పక్కన పెట్టుకుని.

2024 ఆషాఢంలో కొట్టు మూసేశారు. రుసుము తిరిగి రాదు. 22 లక్షల అలంకరణలో చేతికి వచ్చింది పాత సామాను తూకం ధర. కంకిపాడు స్థలంలో 100 గజాలు అమ్మి అప్పు తీర్చాం. మా మరిది ఏడాదిపాటు నా ఎదుట తలెత్తలేదు. తప్పు అతనొక్కడిదే అయితే నేనూ కోపగించుకునేదాన్నే.

కొన్ని సంగతులు తర్వాత తెలుసుకున్నాను. అమెరికాలో డల్లాస్ నగరంలో డికీస్ అనే బార్బెక్యూ కొట్టు 1941లో మొదలైంది. వాళ్ళు తమ పేరును ఫ్రాంచైజీగా యివ్వడం 1994లో మొదలుపెట్టారు. అంటే 53 ఏళ్ళు తమ పొయ్యి తామే నడిపిన తర్వాత! మనకు పేరు అమ్మే కంపెనీ ఎన్నేళ్ళనుంచి పొయ్యి వెలిగిస్తోందో, స్వంత కొట్లు ఎన్ని నడుపుతోందో అడగాలి. ఆ దేశంలోనే ఫ్రాంచైజీల నిబంధన ఒకటి 1979 నుంచీ అమలులో వుంది. దాని ప్రకారం యిప్పుడు సంతకానికీ డబ్బుకీ కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన వివరాలన్నీ కాగితం మీద యివ్వాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకని ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆధారం. సంతకం పెడితే ఒప్పుకున్నట్టే.

అందుచేత ఆ 14 రోజులూ మనమే పెట్టుకుందాం. ఆ రోజుల్లో ఏం చెయ్యాలి? ఆ కంపెనీ కొట్టు ఎదురుగా ఆదివారం కాదు, మంగళవారం కూర్చుని ఎంతమంది లోపలికి వెళుతున్నారో లెక్కపెట్టండి. నడుపుతున్నవాళ్ళు యిద్దరితో, మూసేసినవాళ్ళు ఒకరితో మాట్లాడండి. మూసేసినవారి చిరునామా కంపెనీ యివ్వదు, మనమే వెతుక్కోవాలి. ఒప్పందాన్ని వకీలు చేత తెలుగులో చెప్పించుకోండి. ఆ ఫీజు కొన్ని వేలే. ఏ నెలలో ఎంత అమ్ముడవుతుందో మన పంచాంగం చూసి రాసుకోండి. ఎంత నష్టం వచ్చేదాకా నడపాలో, ఎక్కడ ఆపాలో తెరవకముందే యింట్లో అందరూ కూర్చుని అనుకోండి. మీ స్థలమో, బంగారమో అడిగితే "చదివి చెబుతాను" అనండి. ఆ మాట అంటే బంధుత్వం చెడదు. అనకపోతేనే చెడుతుందని నా అనుభవం.

మా తోడికోడలు యిప్పుడు యింటి ముందుగదిలో కర్రీ పాయింటు నడుపుతోంది. ఆ పొయ్యిల్లో ఒకటి మాత్రం అమ్మనివ్వలేదు. ఆదివారాలు దానిమీద కోడి కాల్చి అమ్ముతుంది. బొగ్గులు రాజెయ్యడం మా మరిది పని. కార్తీకంలో ఆ పొయ్యి కడిగి బోర్లించి, పప్పు, కందిపచ్చడి, పులుసు అమ్ముతుంది. లాభం కొద్దిదే. కానీ నెలాఖరున ఖాతా కూడేది ఆవిడే. నిరుడు సంక్రాంతికి నాకో చీర పెడుతూ "మిగతా వంద గజాల కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి అక్కా, నేను అడిగినా యివ్వకండి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.