పెద్దల పైకం, పిల్లల దారి



ఈ సభ ఏ మాస్టారి పేరు మీద జరుగుతోందో, ఆయన పాఠాలు చెప్పడంతో ఊరుకోలేదు. సాయంత్రాలు కార్మికుల ఇళ్లకు వెళ్లి పి.ఎఫ్. ఫారాలు, బ్యాంకు కాగితాలు నింపిపెట్టేవారు. ఆయన పేరు మీద మాట్లాడేటప్పుడు ఆ కాగితాల వెనుక ఉన్న సంగతే మాట్లాడటం న్యాయమని నాకు తోచింది. నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో పై తరం కింది తరానికి ఇచ్చిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా చేతులు మారింది, ఇచ్చినవాళ్ల దగ్గర చివరికి ఏం మిగిలింది అన్నదే నా విషయం.

మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. కాలువ నీళ్లు రాగానే మెట్ట భూములు మాగాణి అయ్యాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులనే ఊళ్లు కట్టుకున్నారు. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ కొన్ని ఎకరాలు వచ్చే రోజులవి. అంటే క్యాంపుల్లోని మొదటి పెట్టుబడి, వాళ్ల తాతలు డెల్టాలో కూడబెట్టిన భూమి. ఇక్కడి పాత రైతు కుటుంబాల్లోనూ అంతే. బాపు పేరున ఉన్న పట్టాయే కొడుకుకు పెట్టుబడి.

1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. కార్మికుడికి నెల జీతం, క్వార్టరు, పిల్లలకు బడి, జబ్బు చేస్తే ఆసుపత్రి. రైతుకు చెరకు కోతకు కటింగ్ ఆర్డర్, ఆ తర్వాత చెరకు బిల్లు. డబ్బు ఎంత వచ్చిందన్న దాని కంటే అది వస్తుందన్న నమ్మకం ముఖ్యం. ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి కొడుకు చదువుకు ఒక ఏడాది ఫీజు కట్టేవాడు, మరుసటి ఏడాది మళ్లీ కట్టేవాడు. బిడ్డ పెళ్లికి దుకాణంలో అప్పు పుట్టేది, ఎందుకంటే ఆ అప్పు తీర్చే జీతం ప్రతి నెలా వస్తుందని దుకాణదారుకు తెలుసు. కొద్దికొద్దిగా ఇచ్చే అవకాశం ఉన్నందువల్ల ఇచ్చినవాడు ఖాళీ అయ్యేవాడు కాదు. ఇది నేను గట్టిగా చెప్పదలచిన మాట.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. చెరకు వేసిన రైతు వరికి మళ్లాడు. కార్మికుడికి ఏ దారీ కనిపించలేదు.

అప్పటి నుంచి పెద్దలు ఇచ్చే తీరే మారిపోయింది. నెలనెలా రావలసిన జీతం పోయి, ఒకేసారి వచ్చే మొత్తం మిగిలింది. అది స్వచ్ఛంద విరమణ సొమ్మో, గ్రాట్యుటీయో, పి.ఎఫ్. డబ్బో అయి ఉంటుంది. వచ్చిన మొత్తం ఇంట్లో నిలవలేదు. కొడుకు దుబాయ్ వీసాకు ఏజెంటు చేతికి పోయింది. చాలక మరికొంత మిత్తికి తెచ్చారు. గల్ఫ్ వీసాల్లో ఆజాద్ వీసా అనేది మరీ కష్టమైనది. అక్కడ ఒక కఫీల్, అంటే పూచీ ఉండే యజమాని, పేరు మీద వీసా ఉంటుంది, పని మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ చేయాలి. పట్టుబడితే తిరుగు విమానమే. ఆ విమానం దిగేది కొడుకు ఒక్కడే కాదు. ముప్పై ఏళ్లు గానుగ దగ్గర, బాయిలర్ దగ్గర నిలబడిన తండ్రి వృద్ధాప్యం కూడా అతని వెంటే దిగుతుంది.

కొడుకును గల్ఫ్‌కు పంపడం తప్పని నేను అనను. గల్ఫ్ డబ్బుతో స్లాబు పడిన ఇళ్లు, డిగ్రీ పూర్తి చేసిన చెల్లెళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కానీ గ్రాట్యుటీ అంటే ఆ తండ్రికి రేపటి మందులు, రేపటి బియ్యం. ఉద్యోగుల పింఛను పథకం కింద 2014 నుంచి అమలవుతున్న కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. దాని మీద ఎవరైనా బతకగలరా?

ఇక బీడీల సంగతి. నిజామాబాద్ జిల్లాలో మనుమల చదువుకు డబ్బు పెట్టినవాళ్లను లెక్క తీస్తే తాతల కంటే అవ్వలే ఎక్కువగా తేలతారని నా నమ్మకం. ఆ డబ్బు వాళ్లు బీడీలు చుట్టి సంపాదించినది. తునికాకు నీళ్లలో నానబెట్టి, గుడ్డలో చుట్టి, మెత్తబడ్డాక ఇనుప రేకు కొలత పెట్టి కత్తిరిస్తారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కడతారు. వెయ్యికి ఇంత అని కూలి. ఆకు బాగా లేకపోయినా, బీడీ వదులుగా ఉన్నా కార్ఖానాలో పక్కకు తీసేస్తారు, వాటికి కూలి ఉండదు. బీడీ పరిశ్రమకు భవిష్యనిధి చట్టం 1977లో వర్తించింది. ఆ పి.ఎఫ్. పుస్తకం ఎన్నో ఇళ్లలో ఆడదాని పేరు మీద ఉన్న ఒకే ఒక్క ఆస్తి. తంబాకు వాసన వేసే ట్రంకు పెట్టెలో, చీరల అడుగున ఉంటుంది.

పి.ఎఫ్. పథకంలో పై చదువులకు ముందుగా డబ్బు తీసుకునే వీలు పెట్టినప్పుడు కొడుకు, కూతురు అని రాశారు. మనుమరాలి మాట రాయలేదు. ఇందుకు భిన్నంగా, జపాన్‌లో 2013లో మనుమల కోసమే ఒక ఏర్పాటు చేశారు. తాతలు, అమ్మమ్మలు ముప్పై ఏళ్లలోపు మనుమల చదువుకు ట్రస్టు బ్యాంకులో కోటిన్నర యెన్‌ల దాకా వేస్తే దాని మీద బహుమతి పన్ను ఉండేది కాదు. అక్కడ ముసలివాళ్ల దగ్గర నిద్రపోతున్న డబ్బును కదిలించడానికి ప్రభుత్వం చేసిన ఏర్పాటు అది. మన అవ్వ దగ్గర నిద్రపోయే డబ్బు లేదు, ఉన్నదంతా వేళ్ల అరుగుదల. ఆమెకు కావలసింది పన్ను మినహాయింపు కాదు. మనుమరాలి ఫీజు కట్టాక కూడా తనకు గడిచే పింఛను.

ఆడపిల్లల విషయం దాటి పోలేను. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఎన్.టి.ఆర్. ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతా ఆ మాట చెప్పడానికి 2005 దాకా పట్టింది. అయినా మన ఇళ్లలో కొడుకు వీసాకు పెట్టింది పెట్టుబడి, బిడ్డ పెళ్లికి పెట్టింది ఖర్చు. కట్నంతో నీ వాటా అయిపోయిందని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిస్తారు. బిడ్డ కూడా పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతోనే పెడుతుంది. ఈ అన్యాయం మీద పెద్దలు నోరు విప్పాలి, ఎందుకంటే ఇచ్చే చెయ్యి వాళ్లది.

పొలమో ఇల్లో పిల్లల పేరు మీద చేసేవాళ్లకు చివరగా ఒక సంగతి చెప్పాలి. వీలునామా రాస్తే బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. దాన పట్టా రిజిస్టరయ్యాక ఆస్తి మీది కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఒక రక్షణ ఇచ్చింది. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోనప్పుడు ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆర్డీవో ఆ ట్రిబ్యునల్‌కు అధికారి, బోధన్‌లోనూ ఉన్నారు. అయితే ఆ షరతు ఉందని చూపాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని పెద్దలకు మేలు కలిగేలా ఉదారంగా చదవాలంటూ ఒక తల్లి ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించింది. కోర్టు దయ మీద ఎందుకు ఆధారపడాలి? దస్తావేజు రాసేవాళ్లు అడగకపోతే ఈ షరతు రాయరు. సిగ్గుపడకుండా, కొడుకు ఎదుటే, బిడ్డ ఎదుటే అడిగి రాయించండి: 'ఈ ఆస్తి పొందినవారు దాత జీవించినంత కాలం దాతకు తిండి, వసతి, వైద్యం చూడవలెను. చూడని పక్షంలో ఈ దానం రద్దు చేయించుకొనే హక్కు దాతకు కలదు.'