రాయ నేర్పేటోళ్లు ఏ భాషకు మార్కులేస్తరు?

(పాతబస్తీల డిగ్రీ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటల పాఠం)



డిగ్రీల కథ, కవిత రాసుడు నేర్పాలె అన్న మాట ఇప్పుడు గట్టిగ వినవడుతున్నది. 2015ల యూజీసీ ఇచ్చిన నమూనా సిలబస్‌ల ఇంగ్లీషు ఆనర్స్ పిల్లలకు క్రియేటివ్ రైటింగ్ ఒక పేపరుగ పెట్టిన్రు. 2016-17 నుంచి మన రాష్ట్రంల డిగ్రీకి సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చినయి. ఇసొంటి చిన్న పేపర్లకు జాగ దొరికింది. మంచిదే. కని మేం అడిగేది ఒక్కటే. హుస్సేనీ ఆలం పిల్ల, ఫలక్‌నుమా పోరగాడు ఆ పేపర్ల ఏ భాషల రాయాలె? ఆ భాషకు మార్కులేసేదెవరు?

ఈ మాట తీయంగనే కొందరు పెద్దమనుషులు “కవిత్వం పుట్టుకతోని రావాలె గని క్లాసుల చెప్తే వస్తదా” అంటరు. ఎక్కడన్న అనుండ్రి గని పాతబస్తీల నిలవడి ఆ మాట అనకుండ్రి. ఈ గల్లీలల్ల ఉస్తాద్, షాగిర్ద్ రివాజు తరాల నుంచి నడిచింది. షాగిర్ద్ గజల్ రాసి తెస్తడు. ఉస్తాద్ చదివి ఒక మాట కొట్టేస్తడు, ఇంకో మాట జరుపుతడు, నడక తప్పిన కాడ ఆపుతడు. దానికి ‘ఇస్లాహ్’ అని పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఉస్తాద్‌గ ఉన్న దాగ్ దెహల్వీ 1905ల ఈ పట్నంలనే కన్నుమూసిండు. నాంపల్లి యూసుఫైన్ దర్గాల ఆయన సమాధి ఉన్నది. ఇక్బాల్ అంతటోడు వయసుల ఉన్నప్పుడు పంజాబు నుంచి పోస్టుల గజళ్లు పంపి దాగ్‌తోని దిద్దించుకున్నడు. అమెరికాల అయోవా యూనివర్సిటీ పెద్ద డిగ్రీకి కథ, కవిత్వం కూడ పనికొస్తయని ఒప్పుకున్నది 1922ల. వాళ్ల రైటర్స్ వర్క్‌షాప్ మొదలైంది 1936ల. ఇయ్యాల దునియా అంత దాన్నే నమూనా అంటున్నది.

గొప్పలకు చెప్తలేం. పని ఎట్ల నడిచిందో చూడుమంటున్నం. ఏ ఉస్తాద్ కూడ “గజల్ అనగానేమి? లక్షణములు వివరింపుము” అని పది మార్కుల ప్రశ్న ఇయ్యలే. రాసినదాన్ని ముందర వెట్టుకొని దిద్దిండు. ఇస్లాహ్‌ల ఐబు లేదా అంటే ఉన్నది. ఢిల్లీ, లక్నో మాటనే సాఫ్ జబాన్, దక్కనీ మోటు అన్న చిన్నచూపు దాంట్లనే ఉండె. 1591ల ఈ పట్నానికి పునాది వేసిన కులీ కుతుబ్‌షా దివాన్ రాసింది దక్కనీల. ఆ గడ్డమీదనే ఆ మాట మోటయ్యింది.

తెలుగుకు కూడ గదే గతి. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసి 354 మందిని చూపెట్టిండు. లేరన్నోళ్ల నోరు మూతవడ్డది. కని ఉన్నోళ్ల భాష తప్పు అన్నోళ్ల ఎర్ర సిరా మాత్రం ఆరలే. “నాయిన” అని రాస్తే గీత. “కొట్లాట” అని రాస్తే గీత. “పోయిండు” అని రాస్తే రెండు గీతలు. అట్ల గీతలు వడ్డ కాయితాలు మా ఇండ్లల్ల ఇంక ఉన్నయి. ఏంది తప్పని అడిగితే “వాడుక భాష రాయాలి” అన్నరు. మరి మేం వాడేది ఏంది?

మూసీ ఒడ్డున సిటీ కాలేజీ మీరందరు ఎరికె. 1921ల ఆ బంగ్లాలకు వచ్చింది, ఉర్దూల పాఠాలు నడిచినయి. మఖ్దూం మొహియుద్దీన్ ఆడనే పంతులు. పాఠం చెప్పే మనిషే కవి, ఆ కవే 1941ల నౌకరి ఇడిచి పార్టీల వడ్డడు. ఆ కాలేజీ కాడనే 1952 సెప్టెంబర్ 3న ముల్కీ ఉద్యమంల పోలీసులు కాల్పులు జరిపిన్రు, పాణాలు వోయినయి. ఆ లొల్లి నౌకరీల మీద మొదలైంది. అందుల పంతుళ్ల నౌకరీలే ముందు. పిల్లగానికి పాఠం చెప్పేటోనికి పిల్లగాని మాట తెల్వాల్నా వద్దా అన్నది దాని లోపటి ముచ్చటనే.

క్లాసు లేకున్నా రాసినోళ్లు ఉన్నరు. నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలల్ల ఈ దేవిడీలు, ఈ గల్లీలు, హిందూ ముస్లింల దోస్తానా తెలుగుల కండ్లకు కట్టినట్టు ఉంటయి. 1998ల ‘జల్‌జలా’, 2004ల ‘వతన్’ వచ్చినయి. ముస్లిం ఇండ్లల్ల మాట్లాడే మాట ఉన్నదున్నట్టు తెలుగు పుస్తకంల వడ్డది. ఏ యూనివర్సిటీ సిలబస్ వాళ్లతోని రాయియ్యలే. ఇంక చెప్పాల్నంటే, క్లాసుల నేర్చిన భాషను మరిచినంకనే చాన మంది రాసిన్రు.

2014ల రాష్ట్రం వచ్చింది. పాఠ్యపుస్తకాలల్లకు మన కవులు వచ్చిన్రు, కాళోజీ పుట్టిన దినం సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. సంబురమే. కాళోజీ మీద వ్యాసం రాయుమని, ఆ వ్యాసంల కాళోజీ మాట రాస్తే మార్కులు కోస్తే ఏం ఫాయిదా?

ఇగ పైసల ముచ్చట. రాసుడు నేర్పాల్నంటే చదివే మనిషి కావాలె. అరవై మంది క్లాసు అనుకుందాం. తలా ఒక కథ, ఒక్కసారి దిద్దినంక మళ్ల రాసిన కథ, నూట ఇరువై కథలు సదవాలె. సర్కారు కాలేజీలల్ల గెస్టు లెక్చరర్‌కు గంట లెక్కన ఇస్తరు. క్లాసుల నిలవడ్డ గంటకే ఆ లెక్క. ఇంట్ల దీపం కింద దిద్దిన గంటను ఎవరు లెక్కవెడ్తరు? ఆ గంటకు కూలి ఇయ్యకుంటే పేపరు పేరు ఏం పెట్టినా చివరికి గైడే దిక్కు. “కథ అనగానేమి” అని గైడ్ల సదివి వాంతి చేసుకునుడే.

అందుకే అడుగుతున్నం. పరీక్ష మూడు గంటల్ల ఒడ్వొద్దు, సెమిస్టర్ అంత రాసిన కాయితాల కట్టకు మార్కులెయ్యాలె. మొదటి చిత్తు, దిద్దిన చిత్తు రెండూ అందుల ఉండాలె. యాసకు, దక్కనీ మాటకు మార్కు కోసే హక్కు ఎవనికీ ఇయ్యొద్దు. ఉర్దూ లిపి వచ్చి తెలుగు లిపి రానోళ్లు ఈ బస్తీల మస్తుమంది. వాళ్లు చెప్తుంటే పక్క పిల్ల తెలుగుల రాసుకునేటట్టు జోడీలు కట్టాలె. దిద్దే గంటకు సుత జీతం కట్టాలె.

మొదటి పనికి క్లాసురూం అక్కెర లేదు. ఛత్తాబజార్‌ల శాదీ కార్డులు అచ్చేసే దుకాణాలు ఉన్నయి గద. ఇద్దరిద్దరు పోండ్రి. గంటసేపు కూసోండ్రి. పెండ్లిపిల్ల తండ్రి వచ్చి కార్డు మీద ఏం రాయాల్నో ఎట్ల చెప్తడు, ఎవల పేరు ముందు పెట్టాల్నని ఎక్కడ కొట్లాడుతరు, ఖర్చు కాడ గొంతు ఎట్ల తగ్గిస్తడు, చెవివెట్టి ఇనుండ్రి. వచ్చినంక రెండు పేజీలు రాయుండ్రి, ఆయన మాట ఆయన నోట్లె ఎట్లున్నదో గట్లనే.