సమానులలో నాయకత్వము
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను ఊరి లెక్కలు వ్రాయువాడను, పట్టభద్రుడను కాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నా కళాశాల. అట్టి నన్ను విశ్వవిద్యాలయ విద్యార్థులను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నా సాహసమును మన్నింపుడు.

విద్యలో నాల్గవవంతు సహాధ్యాయుల వలననే రావలెనని మన పూర్వులు లెక్కగట్టిరి. లెక్కలవాడను గనుక ఆ మాట నాకు గుర్తుండెను. దాని అర్థము మాత్రము చాలకాలము తెలియలేదు.

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును వెలసి, మన సీమ బిడ్డలకు పైచదువును చేరువ చేసినవి. నా కుమారుడును తిరుపతికే చదువ వెళ్లెను. వసతిగృహపు మెస్సుకు వానిని తోటివారు ప్రతినిధిగా ఎన్నుకొనిరి. నాకు కోపము వచ్చినది. "నిన్ను పంపినది చదువునకా, ఉప్పు పప్పుల లెక్కకా?" అని జాబు వ్రాసితిని.

ఆ నెల లెక్కలో 600 రూపాయలు తేలలేదు. కూరగాయల చీటీ యొకటి వాడు ఎక్కించుట మరచెను. అందరి యెదుట నిలిచి, తప్పు నాదియే యని చెప్పెను. కొందరు నిందించిరి. ఇద్దరు మాత్రము రాత్రి వానితో కూర్చుండి లెక్క సరిచూచిరి. నాటినుండి ప్రతి శనివారము లెక్కను గోడకు అంటించు నియమము పెట్టిరి.

ఇది విని సిగ్గుపడితిని. ఇన్నేండ్ల వృత్తిలో నా పొరపాట్లను చాటుగా దిద్దుకొంటినేగాని, పదిమందిలో ఒప్పుకొన్నది లేదు.

అధికారికి హోదా బలము. గురువుకు గౌరవము బలము. సమానులలో నాయకుడగువానికి ఈ రెండును లేవు. వాడు ఇతరుల మాట వినవలెను, తన మాట నమ్మించుకొనవలెను, పనిలో ముందు తానే చేయి పెట్టవలెను. ఈ అభ్యాసమును ఏ పుస్తకమును ఈయజాలదు. గాంధీ శతజయంతి వత్సరమగు 1969లో, 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైన జాతీయ సేవాపథకము ఈ మర్మమెరిగినదే. ఏటికి 120 గంటల సేవయు, గ్రామములలో శిబిరములును అందు భాగములు. నోరు విప్పుటకు జంకు పల్లెపిల్ల అచ్చట పదిమందిని నడపుట నేర్చును.

అయితే పదవి ఒక్కనికే పట్టముకాకూడదు. వంతులవారీగా అందరికి రావలెను. చదువును మ్రింగు నాయకత్వము నాయకత్వమే కాదు.

తల్లిదండ్రులారా! నావలె తొందరపడి కోపింపకుడు. విద్యార్థులారా! సెలవులకు వచ్చినపుడు ఇచ్చట చిన్నవారిచే పుస్తకములు చదివింపుడు. తోటివారి వలన మీరు పొందిన నాల్గవవంతును మన గ్రంథాలయమునకు జమకట్టుడు.