పెద్దమనిషి కేసు, పోలీసు సోదా, మన రాజ్యాంగం



ఈరోజు నేను మాట్లాడబోయే కేసు అమెరికాది. అది మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. చివరికి మన చట్టాల దగ్గరికే వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

రాబర్ట్ క్రాఫ్ట్ శతకోటీశ్వరుడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ అనే ఫుట్‌బాల్ జట్టు యజమాని. 2019 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రం జూపిటర్ పట్టణంలోని ఒక మసాజ్ స్పాకు వరుసగా రెండు రోజులు వెళ్ళి, డబ్బిచ్చి లైంగిక సేవ పొందాడని అతని మీద అభియోగం. అక్కడ మరో ఇరవై మందికి పైగా పురుషుల మీద కూడా కేసులు పెట్టారు. పోలీసుల చేతిలో వీడియో ఉంది. అయినా అతని కేసు విచారణ దాకా రాలేదు. ఆ వీడియోను సాక్ష్యంగా వాడకూడదని 2019 మేలో ట్రయల్ జడ్జి తీర్పిచ్చాడు. 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు దాన్నే ఖరారు చేసింది. సెప్టెంబరులో ప్రాసిక్యూటర్లు అభియోగాలు ఎత్తేశారు.

అతను 2019 మార్చిలో, తనవాళ్ళను నొప్పించానంటూ బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. కోర్టులో మాత్రం నేరం చేయలేదనే నిలబడ్డాడు. దాంతో చాలామంది ఒకే మాట అన్నారు: "డబ్బుంది, పెద్ద లాయర్లను పెట్టుకున్నాడు, టెక్నికల్ పాయింట్ మీద బయటపడ్డాడు." నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత ఆ టెక్నికల్ పాయింట్ ఏమిటో చదివాను.

పోలీసులు రహస్య కెమెరాలకు వారెంట్ తెచ్చుకున్నారు. లోపల అనుమానాస్పద వస్తువు ఉందని అబద్ధం చెప్పి స్పాను ఖాళీ చేయించి, మసాజ్ గదుల్లో కెమెరాలు పెట్టారు. అయిదు రోజులు రికార్డింగ్ నడిచింది. ఒళ్ళు నొప్పులకు మామూలు మసాజ్ చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు, స్త్రీలతో సహా, బట్టల్లేకుండా ఆ వీడియోల్లోకి ఎక్కారు. ఏ నేరంతోనూ సంబంధం లేనివాళ్ళను చిత్రీకరించకుండా ఆపే జాగ్రత్తలు వారెంట్‌లో లేవు, పోలీసుల చేతల్లోనూ తగినంతగా లేవు. కోర్టు తప్పుపట్టింది దాన్ని. ఇది మనుషుల అక్రమ రవాణా కేసని పోలీసులు మొదట ఊదరగొట్టారు. ఆ స్పాలో అక్రమ రవాణాకు ఆధారం దొరకలేదని తర్వాత ప్రాసిక్యూటరే కోర్టులో ఒప్పుకున్నాడు.

కాబట్టి ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. అతను ఆ పని చేశాడా అన్నది ఒకటి. అది తెలుసుకోవడానికి రాజ్యం ఎంతవరకు వెళ్ళవచ్చు అన్నది రెండోది. కోర్టు రెండో ప్రశ్నకు జవాబిచ్చింది. మొదటిదానికి ఇవ్వలేదు. అతన్ని నీతిమంతుడనీ ఏ జడ్జీ అనలేదు. ఈ రెండింటినీ కలిపేస్తే మనం రెండు రకాలుగా తప్పు చేస్తాం. కేసు కొట్టేశారు కాబట్టి మనిషి మంచివాడు అంటాం, లేదా మనిషి మంచివాడు కాదు కాబట్టి పోలీసులు ఏం చేసినా సరే అంటాం.

ఈ రెండో మాట మనకు ప్రమాదకరం. పోలీసులు రాజ్యాంగానికి విరుద్ధంగా సేకరించిన సాక్ష్యం చెల్లదనే సూత్రం అమెరికాలోని రాష్ట్రాల కోర్టులన్నిటికీ ఎలా వర్తించిందో చూడండి. 1957లో క్లీవ్‌లాండ్ నగరంలో డాల్రీ మ్యాప్ అనే నల్లజాతి స్త్రీ ఇంటిమీదికి పోలీసులు వచ్చారు. ఒక బాంబు పేలుడు కేసులో అనుమానితుడి కోసం వచ్చామన్నారు. వారెంట్ చూపించమని ఆమె నిలదీసింది. ఏదో కాగితం ఊపి చూపించి, ఇల్లంతా గాలించారు. తీరా అశ్లీల పుస్తకాలు దొరికాయని ఆమె మీదే కేసు పెట్టి శిక్ష వేయించారు. ఆ వారెంట్‌ను కోర్టులో ఎన్నడూ చూపించలేదు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. కాగితం చూపించమని ఒక నల్లజాతి స్త్రీ పట్టుబట్టడం వల్ల స్థిరపడ్డ రక్షణ అది. అరవై ఏళ్ళకు ఒక శతకోటీశ్వరుడు దాన్ని వాడుకున్నాడు. అతను వాడుకున్నాడని ఆ రక్షణను తీసేయమందామా? తీసేస్తే నష్టపోయేది అతను కాదు.

అయితే కథలో ఇంకో సగం ఉంది. ఆ స్పాను నడిపినవాళ్ళు, అందులో పనిచేసినవాళ్ళు చైనా నుంచి వలస వచ్చిన స్త్రీలు. మొదట వాళ్ళను బాధితులన్నారు, తర్వాత నిందితులను చేశారు. వీడియో చెల్లదన్న అప్పీలు తీర్పు అందులో ఇద్దరి కేసులకు కూడా వర్తించింది. అయినా చివరికి స్పాకు చెందిన స్త్రీలు నేరం ఒప్పుకుని జరిమానాలతో, ప్రొబేషన్‌తో బయటపడ్డారు. అదే కెమెరా, అదే గది. కస్టమర్‌కు అభియోగాల రద్దు, అక్కడ పనిచేసినవాళ్ళకు నేరస్థులన్న ముద్ర. నా ఫిర్యాదు ఇక్కడే. అతనికి పూర్తిగా అందిన న్యాయప్రక్రియ వాళ్ళ దాకా ఎందుకు వెళ్ళలేదు?

ఇప్పుడు మన దేశానికి వద్దాం. చట్టవిరుద్ధమైన సోదాలో దొరికినా సరే, కేసుకు సంబంధించిన సాక్ష్యమైతే వాడుకోవచ్చని 1973 డిసెంబరులో పూరన్ మల్ కేసులో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీలు తీర్పిచ్చినా, సాక్ష్యం విషయంలో ఆ పాత దారి మూతపడలేదు. పోలీసు తప్పు చేస్తే పోలీసు మీద వేరే చర్య ఉండొచ్చు, సాక్ష్యం మాత్రం చెల్లుతుంది. ఆ వేరే చర్య ఎన్నిసార్లు చూశాం మనం?

1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం చదవండి. సోదాకు స్థానికులైన ఇద్దరు గౌరవనీయులు సాక్షులుగా ఉండాలి, వారిలో ఒకరైనా స్త్రీ కావాలి. సోదా బృందంలో ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. కాగితం మీద విధానం బాగానే ఉంది. అదే చట్టం సెక్షన్ 8 ప్రకారం విటులను పిలిచినందుకు స్త్రీకి తొలిసారే ఆరు నెలల దాకా జైలు. అదే నేరం పురుషుడు చేస్తే గరిష్ఠం మూడు నెలలు. సెక్షన్ 17 కింద కాపాడి తెచ్చిన స్త్రీని ఏడాది నుంచి మూడేళ్ళ వరకు సంరక్షణ గృహంలో ఉంచవచ్చు. అంటే నేరం రుజువైన మనిషి కన్నా కాపాడబడ్డ మనిషి ఎక్కువ కాలం తలుపుల వెనక ఉండొచ్చు. కస్టమర్ సంగతా? అతను ఆ చట్టంలోని ప్రధాన సెక్షన్ల కిందికి రాడని 2014లో మన ఉమ్మడి హైకోర్టు చెప్పింది. వేరే హైకోర్టులు వేరుగానూ చెప్పాయి. మన దగ్గర పెద్దమనిషికి చాలాసార్లు రాజ్యాంగ వాదన దాకా వెళ్ళే అవసరమే రాదు.

ఇక టీవీ. "వ్యభిచార ముఠా గుట్టురట్టు" అని స్క్రోలింగ్, ముఖానికి చున్నీ కప్పుకుని వ్యాన్ ఎక్కుతున్న ఆడవాళ్ళు. దాడుల్లో సెక్స్ వర్కర్లను అరెస్టు చేయొద్దని, వేధించొద్దని, వాళ్ళ గుర్తింపు బయటపెట్టొద్దని సుప్రీంకోర్టు 2022 మే 19న ఆదేశించింది. ఆ వ్యాన్ ఎక్కేవాళ్ళు ఏ కులాల నుంచి వచ్చారో అడగాల్సింది మనమే. దళిత ఆడపిల్లలను జోగినులుగా ఊరికి వదిలేసిన నేల మనది. దాన్ని ఆపడానికి 1988లో చట్టమే చేయాల్సి వచ్చింది.

బాబాసాహెబ్ 1936 జూన్‌లో బొంబాయిలో కామాటిపుర స్త్రీలతో, దేవదాసీలతో, మురళీలతో మాట్లాడారు. ఆ జీవితం వదిలేయమని గట్టిగా చెప్పారు. ఆ మాటల మీద స్త్రీవాదులు ఈనాటికీ వాదిస్తున్నారు, వాదించాలి కూడా. కానీ ఒకటి గమనించండి. ఆయన ఆ నీతి మాటను వాళ్ళ ముఖాముఖి, తన ఉద్యమంలోకి పిలుస్తూ చెప్పారు. పోలీసు లాఠీకి అప్పగించలేదు.

పోలీసుల విషయంలో ఆయన చేసింది వేరు. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన అధికరణం నుంచి "డ్యూ ప్రాసెస్" అన్న మాట పోయాక, దానికి పరిహారంగా 1949 సెప్టెంబరు 15న రాజ్యాంగ సభలో కొత్త అధికరణం ప్రవేశపెట్టారు. అదే ఈనాటి 22వ అధికరణం. అరెస్టుకు కారణం చెప్పాలి, లాయర్‌ను పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మన జైళ్ళలో నాలుగింట మూడొంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. వాళ్ళకు ఈ మూడు వాక్యాలు టెక్నికల్ పాయింట్లు కావు.

పరిశోధకులుగా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఈసారి "గుట్టురట్టు" వార్త చూసినప్పుడు, లోపల ఏం జరిగిందో ఊహించుకోవడం ఆపి, ఎఫ్ఐఆర్, పంచనామా తెప్పించి చదువుదాం. సాక్షులు ఎవరు? మహిళా పోలీసులు ఉన్నారా? నిందితుల జాబితాలో ఎవరున్నారు, ఎవరి పేరు లేదు? క్రాఫ్ట్ లాయర్లు అడిగిన ప్రశ్నలు ఇలాంటివే. వ్యాన్ ఎక్కిన ఆ స్త్రీల తరఫున వాటిని అడిగేవాళ్ళు కావాలి.

జై భీమ్.