దానమునకై దూరయాత్ర



పూర్వము తీర్థయాత్ర చేయువారు తమ పుణ్యమునకై నడచెడివారు. నేడు పరుల మేలు కోరి మోటారు సైకిలుపై వేల మైళ్లు పోవు యాత్రికులు కలరు. బయలుదేరుటకు ముందు వారు బంధుమిత్రులను కలిసికొని, ‘నేనింత దూరము పోదును, మైలుకింత చొప్పున ఫలానా ధర్మకార్యమునకు మీరీయవలయును’ అని మాట పుచ్చుకొందురు. పాశ్చాత్యదేశములందీ పద్ధతి బాగుగా నాటుకొనినది.

‘పెట్రోలుకగు సొమ్మే ఆ ధర్మమునకిచ్చిన చాలదా?’ అని మన పెద్దలడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. బదులుగా రెండు ఉదాహరణములు చెప్పెదను.

2004 ఏప్రిల్ 14న ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అను నటులిద్దఱు లండను నుండి మోటారు సైకిళ్లపై బయలుదేరిరి. ఐరోపా, కజకస్తాన్, మంగోలియా, సైబీరియాలు గడచి, నడుమ సముద్రమును విమానమున దాటి, అలాస్కా, కెనడాల మీదుగా జూలై 29న న్యూయార్కు చేరిరి. అది సుమారు 19,000 మైళ్ల యాత్ర. బాలల క్షేమమునకై పాటుపడు యూనిసెఫ్ సంస్థ చేయు పనులను దారిలో దర్శించిరి. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతరులో ఇల్లు వాకిలి లేని పిల్లలను వారు చూచిన దృశ్యములు టెలివిజనులో కెక్కి, దూరదేశములవారి కన్నులబడినవి. పెట్రోలు సొమ్ము మాత్రమే పంపియుండినచో ఆ పిల్లల ముఖములు వారికి తెలిసియుండవు.

ఇక రెండవది. మోటారు సైకిలు పందెములలో పేరుపొందిన రాండీ మమోలా ఆఫ్రికా బాలల సహాయమునకై ధనము కూర్చెను. 1988లో అతడును, బారీ కోల్‌మన్ అను పత్రికారచయితయు సోమాలియాకు పోయి చూడగా, ఆరోగ్యసేవకై ఇచ్చిన వాహనములు మరమ్మతు లేక మూలబడియుండెను. బండినిచ్చుట యొక్కటే చాలదు, దానిని చెడకుండ నడుపుకొను విద్యయు నేర్పవలెనని గ్రహించి, ఆండ్రియా కోల్‌మన్‌తో గూడి ‘రైడర్స్ ఫర్ హెల్త్’ అను సంస్థను స్థాపించిరి. ధనము పంపి ఇంట కూర్చుండినచో ఈ లోపము తెలియకయే పోవును.

మనకిది క్రొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే కాలినడకన పోచంపల్లికి వచ్చి, భూమిలేని దళితుల మొఱ విని, గ్రామస్థులనడిగెను. వారు కోరినది 80 ఎకరములు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములిచ్చెను. జాబు వ్రాసి యడిగినచో ఆ భూమి కదలియుండునా?

కావున మీ గ్రామపు యువకుడెవడైన ఇట్టి యాత్రకు ఆశీస్సు కోరి వచ్చినచో త్రోసివేయకుడు. కొన్ని మాటలు మాత్రమడుగుడు. పెట్రోలు, తిండి ఖర్చులు నీ సొంతమా, చందాలోనివా? ధనము నీ చేతికి వచ్చునా, రశీదుతో నేరుగా సంస్థకు చేరునా? హెల్మెట్టు పెట్టుకొని, రాత్రి ప్రయాణము మాని, ప్రాణము కాపాడుకొందువా? ఆ ధర్మము ముట్టినవారిని కన్నులార చూచి, తిరిగి వచ్చి రచ్చబండ కడ లెక్క చెప్పెదవా?

వీనికి నిలుకడగా బదులు చెప్పినచో మొదటి చందా మీరే వ్రాయుడు. చెప్పలేనిచో, వానికి విహారమునందే కోరిక యని తెలిసికొనుడు. విహారము దోషము కాదు. దానికి దీనుల పేరిట చందా దండుట దోషము.

సెలవు.